అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) కుదిరినా లెక్క తప్పొచ్చు: అంకెలంటే జంకేవాళ్లకు అకౌంటింగ్‌లో అసలు చిక్కు ఎక్కడ?

గుంటూరులోనైనా విజయవాడలోనైనా పదో తరగతి ఫలితాలు రాగానే ఇంట్లోనే తీర్పు అయిపోతుంది. లెక్కలొస్తే ఎంపీసీ, బొమ్మలు బాగా వేస్తే బైపీసీ, ఆ రెండూ కాదంటే సీఈసీ. లెక్కల పీడ వదిలిందనుకుని సీఈసీలో చేరినవాళ్లు తీరా కామర్స్ పుస్తకం తెరిచేసరికి ఎడమపక్క డెబిట్, కుడిపక్క క్రెడిట్, అడుగున జంట గీతల మధ్య మొత్తాలు. ఇదే భయం ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఇంట్లో కారం, పచ్చళ్లు చేసి అమ్మడం మొదలుపెట్టినవాళ్లు, విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో చిన్న షాపు తీసుకున్నవాళ్లు, ఆటోనగర్‌లో నాన్నగారి వర్క్‌షాపు చేతికొచ్చినవాళ్లు "అవన్నీ ఆడిటర్ గారు చూసుకుంటారులే" అని బిల్లులన్నీ ఒక సంచిలో వేసి మార్చి దాకా ఊరుకుంటారు.

భయం నిజమే. కానీ అది పడాల్సిన చోట పడటం లేదు. అకౌంటింగ్‌లో మొదటి ఏడాది నేర్చుకునేదంతా కూడిక, తీసివేత, అక్కడక్కడా శాతం, ఎప్పుడైనా ఒక భాగహారం. ఆ కూడికలైనా నోటితో చేయమని ఎవరూ అడగరు. సీఏ పరీక్ష హాల్లోకి కూడా క్యాలిక్యులేటర్ తీసుకెళ్లనిస్తారు. డెబిట్, క్రెడిట్ అని రెండు పక్కలా రాసే ఈ పద్ధతిని మొదట అచ్చులో వివరించిన ఇటలీ సన్యాసి లూకా పాచోలి గణితవేత్తే, లియొనార్డో డావిన్సీకి లెక్కలు చెప్పినవాడే. 1494లో వెనిస్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో బీజగణితం కూడా ఉంది. ఖాతాల భాగంలో మాత్రం దాని అవసరం రాలేదు. ఎందుకంటే ఆ భాగాన్ని ఆయన కనిపెట్టలేదు, వెనిస్ వర్తకులు అప్పటికే రాసుకుంటున్న తీరును రాసిపెట్టాడు.

అయితే అకౌంటింగ్ తేలికని కాదు. చిక్కు వేరేచోట ఉంది. ఒక మొత్తం చేతిలో పడ్డప్పుడు అది ఆదాయమా, అప్పా, తిరిగొచ్చిన బాకీయా అని తేల్చుకోవడంలో ఉంది. డబ్బు చేయి దాటినప్పుడు అది ఖర్చా, ఆస్తా, ఇంటివాడకమా అని నిర్ణయించడంలో ఉంది. అంకెలంటే జంకేవాళ్లు తమ ఓపికంతా కూడికల మీద పెట్టి, ఈ తేల్చుకునే పనిని మాత్రం కళ్లు మూసుకుని దాటేస్తారు. కూడిక తప్పితే ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. తేల్చుకోవడంలో జరిగిన తప్పు ఏళ్ల తరబడి పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఒక చీటీ, రెండు పుస్తకాలు

గుంటూరు మిర్చి యార్డులో సరుకు అమ్ముకున్న రైతు చేతికి తక్‌పట్టీ అనే చీటీ వస్తుంది. ఎన్ని టిక్కీలు (బస్తాలు), తూకం ఎంత, క్వింటా ధర ఎంత, మొత్తం ఎంత అని పైన ఉంటుంది. కింద తీసివేతలు. 20 టిక్కీలు, 8 క్వింటాళ్లు, క్వింటా 15,000 చొప్పున 1,20,000 అనుకుందాం. హమాలీ, కాటా కూలి కలిపి 1,000 తీసేశారు. సాగు కాలంలో రైతు, సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు దగ్గర తీసుకున్న అడ్వాన్సు 30,000 కూడా తీసేశారు. చేతికొచ్చింది 89,000.

బడి మొహం చూడని రైతు కూడా ఈ చీటీని తడుముకోకుండా చదువుతాడు. హమాలీ పోయిన డబ్బు, అడ్వాన్సు తీరిన బాకీ. రెండూ తీసివేతలే అయినా ఒకటి కావని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే చీటీని చదువుకున్న కొడుకు ఫోన్‌లో ఎక్సెల్ తెరిచి ఎక్కిస్తే చాలాసార్లు "మిర్చి ఆదాయం 89,000" అని ఒకే ముక్క పడుతుంది. కూడికలో తప్పు లేదు. కానీ పంట తెచ్చింది 1,20,000. అమ్మకానికైన ఖర్చు 1,000. మిగతా 30,000 ఎరువులకో కూలీలకో ముందే వాడేసిన డబ్బు, ఆ ఖర్చు అప్పుడే రాసి ఉండాలి. అప్పుడు రాయకుండా, ఇప్పుడు ఆదాయంలోంచి కోసేస్తే ఎకరాకు ఎంత పెట్టుబడి అయ్యిందో, ఎంత మిగిలిందో ఎప్పటికీ తేలదు.

అదే చీటీ కమీషన్ ఏజెంటు పుస్తకంలో ఇంకోలా పడుతుంది. ఆయన చేతుల మీదుగా 1,20,000 నడిచినా అందులో ఆయన ఆదాయం కమీషన్ మాత్రమే. సీజన్లో రోజుకు లక్షలు తిరిగే కొట్టు యజమానిని చూసి "ఎంత సంపాదనో" అనుకునేవాళ్లు తిరుగుడును ఆదాయంగా లెక్కేస్తున్నారు. రైతుకిచ్చిన 30,000 అడ్వాన్సు రైతు పుస్తకంలో అప్పు అయితే, ఏజెంటు పుస్తకంలో రావలసిన ఆస్తి.

కాబట్టి ఏ లావాదేవీ చూసినా మొదట అడగాల్సింది "ఇది ఎవరి పుస్తకం?" అని. ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్లే డెబిట్, క్రెడిట్ అనే రెండు మాటలు అంత టెన్షన్ పెడతాయి. ఫోన్‌కు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది: ఖాతాలో 9,000 క్రెడిట్ అయింది. కొన్నేళ్లపాటు ఇలాంటి మెసేజ్‌లు చూసి చూసి క్రెడిట్ అంటే డబ్బు రావడం, డెబిట్ అంటే పోవడం అని మనసులో పడిపోతుంది. అకౌంటింగ్ క్లాసులో మొదటి రోజే దీనికి పూర్తి తలకిందులుగా చెబుతారు: బ్యాంకులోకి డబ్బు వస్తే బ్యాంకు ఖాతాకు డెబిట్. సగం మంది అక్కడే చేతులెత్తేస్తారు.

నిజానికి రెండూ సరైనవే. మెసేజ్ బ్యాంకు తన పుస్తకంలోంచి పంపుతోంది. మన 9,000 బ్యాంకు దగ్గర చేరితే అది బ్యాంకు మనకు ఇవ్వాల్సిన బాకీ, అంటే బ్యాంకుకు అప్పు. అప్పు పెరిగితే క్రెడిట్. మన పుస్తకంలో చూస్తే ఆ డబ్బు మన ఆస్తి. ఆస్తి పెరిగితే డెబిట్. ఏజెంటు అడ్వాన్సు విషయంలో జరిగిందే ఇక్కడా జరిగింది.

కాలేజీల్లో దీన్ని మూడు సూత్రాలుగా బట్టీ పట్టిస్తారు. వ్యక్తిగత ఖాతాలకు ఒకటి, వాస్తవిక ఖాతాలకు ఒకటి, నామమాత్రపు ఖాతాలకు ఒకటి. పరీక్ష రాయాలంటే అవి తప్పవు. కానీ భయంతో మొదలుపెట్టేవాళ్లకు ఈ దారి మంచిది కాదు. ముందుగా కట్టిన అద్దె వ్యక్తిగత ఖాతా కిందికి వస్తుందని వినేసరికి తల తిరుగుతుంది. దానికంటే ఐదు గుంపులు గుర్తుపెట్టుకోవడం సులువు: ఆస్తులు, అప్పులు, మూలధనం, ఆదాయాలు, ఖర్చులు. ఆస్తులు, ఖర్చులు పెరిగితే డెబిట్. మిగతా మూడు పెరిగితే క్రెడిట్. తగ్గితే దానికి ఎదురు. పుస్తకం అట్ట లోపల ఈ మూడు వాక్యాలు రాసిపెట్టుకుంటే చాలు, కొన్నాళ్లకు వాటినీ చూడాల్సిన పని ఉండదు.

ఒక నెల, ఒక చిన్న వ్యాపారం

లెక్కలు నేర్చుకోవాలంటే ఇంటి ఖర్చులు రాయడంతో మొదలుపెట్టమని చాలామంది సలహా ఇస్తారు. పొదుపుకు మంచిదే గానీ అకౌంటింగ్‌కు పెద్దగా పనికిరాదు. పాలు, కూరలు, కరెంటు బిల్లు అని పోయిన డబ్బు జాబితా తయారవుతుందే తప్ప అరువు, సరుకు నిల్వ, లాభం అన్న ముఖ్యమైన మూడూ అందులో రావు. ఎంత చిన్నదైనా ఒక వ్యాపారం తీసుకోవాలి. సొంతది లేకపోతే ఊహించుకున్నా ఫర్వాలేదు.

గుంటూరులో ఒకరు కారం వ్యాపారం మొదలుపెట్టారనుకుందాం. జీఎస్టీని కాసేపు పక్కన పెడదాం. సొంత డబ్బు 50,000 పెట్టారు. పట్నం బజారులో ఒక వ్యాపారి దగ్గర 100 కిలోల ఎండుమిర్చి కిలో 200 చొప్పున 20,000కు అరువు మీద తెచ్చారు. తొడిమలు తీయించడానికి కూలి 1,000, మిల్లులో కారం పట్టించడానికి 1,000, కవర్లకు 500 అయ్యాయి. ప్యాకెట్లు అతికించే సీలింగ్ మిషన్ 6,000 పెట్టి కొన్నారు. తొడిమలు, తేమ, దుమ్ము పోను 90 కిలోల కారం తేలింది. అందులో 60 కిలోలు కిలో 350 చొప్పున 21,000కు అమ్మారు. 9,000 చేతికొచ్చింది. 12,000 విజయవాడ వన్‌టౌన్‌లోని కిరాణా షాపు నుంచి రావాలి. కొరియర్, ఆటో ఛార్జీలు 900. మిర్చి వ్యాపారికి 15,000 బ్యాంకు ద్వారా కట్టారు, ఇంకా 5,000 బాకీ. (ఒకరికి ఒకే రోజు 10,000 దాటి నగదు రూపంలో ఇస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు. కాబట్టి బ్యాంకే మేలు.) ఇంటి అవసరానికి 2,000 తీసుకున్నారు.

ఇదంతా కలిపి చిట్టాలో (జర్నల్‌లో) పది, పన్నెండు పద్దులు. ఒక్కో పద్దు దగ్గర ఆగి, ఏం వచ్చింది, ఏం పోయింది, డబ్బు చేతులు మారకపోతే ఎవరు ఎవరికి బాకీ అని చూసుకుంటూ రాయాలి. అరువు మీద మిర్చి తెచ్చినప్పుడు నగదు ఊసే లేదు. కొనుగోళ్లకు డెబిట్, వ్యాపారి ఖాతాకు క్రెడిట్. కొత్తవాళ్లు ఇక్కడ "డబ్బు ఇవ్వలేదు కదా, ఇచ్చినప్పుడు రాద్దాం" అనుకుంటారు. అలా రాస్తే సరుకు ఇంట్లో ఉంటుంది, పుస్తకంలో ఉండదు. బాకీ నెత్తిన ఉంటుంది, పుస్తకంలో ఉండదు.

చిట్టాలోంచి ఒక్కో ఖాతాను ఆవర్జాలోకి (లెడ్జర్‌లోకి) ఎక్కించి, నెలాఖరుకు నిల్వలన్నీ ఒక కాగితం మీద పెడితే అదే అంకణా, బయట అందరూ ట్రయల్ బ్యాలెన్స్ అనేది. డెబిట్ పక్క: నగదు, బ్యాంకు కలిపి 32,600, కిరాణా షాపు 12,000, కొనుగోళ్లు 20,000, తొడిమల కూలి 1,000, మిల్లు 1,000, కవర్లు 500, రవాణా 900, సీలింగ్ మిషన్ 6,000, సొంతవాడకాలు 2,000. మొత్తం 76,000. క్రెడిట్ పక్క: మూలధనం 50,000, అమ్మకాలు 21,000, మిర్చి వ్యాపారి 5,000. ఇదీ 76,000.

రెండు మొత్తాలూ ఒకటైనప్పుడు కలిగే ఊరట, లెక్కలంటే భయపడేవాళ్లకే బాగా తెలుస్తుంది. కుదరకపోతే మాత్రం మొత్తం మొదటినుంచీ కూడటం మొదలుపెట్టి చెమటలు పడతారు. అంత పని లేదు. తేడా ఎంతో చూడాలి. ఆ తేడా 9తో నిశ్శేషంగా పోతే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారయ్యి ఉండొచ్చు. 5,400ను 4,500 అని ఎక్కిస్తే తేడా 900. 210ని 120 అని రాస్తే 90. పక్కపక్క అంకెలు ఎలా తారుమారైనా తేడా తొమ్మిదో ఎక్కంలోనే పడుతుంది. అది కాకపోతే తేడాను సగం చేయాలి. ఆ సగం మొత్తం పుస్తకంలో ఎక్కడైనా ఉంటే, దాన్ని ఒక పక్క బదులు రెండో పక్క వేశారేమో చూడాలి. పాతకాలం గుమాస్తాలకు ఈ రెండు కిటుకులూ వేళ్ల మీద ఉండేవి. అప్పటికీ దొరక్కపోతే ఆ తేడాను తాత్కాలికంగా అనామతు ఖాతాలో పడేసి, తప్పు దొరికినప్పుడు సవరిస్తారు. పాఠ్యపుస్తకంలోనే దీనికి చోటుందంటే, కుదరకపోవడం అనేది వృత్తిలో రోజూ జరిగే విషయమేనన్నమాట. నేర్చుకునేవాళ్లు దాన్ని తమ తెలివికి పరీక్షగా తీసుకోనక్కర్లేదు.

76,000 కుదిరింది, అయితే?

నెలంతా కలిపి లాభం ఎంత? 90 కిలోల కారం తయారవ్వడానికి అయిన ఖర్చు 20,000, 1,000, 1,000, 500 కలిపి 22,500. కిలోకు 250. అమ్ముడైన 60 కిలోలకు 15,000. 21,000లోంచి 15,000 పోతే 6,000. అందులో రవాణా 900 పోతుంది. సీలింగ్ మిషన్ ఐదేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 1,200, నెలకు 100 తరుగుదల. నికర లాభం సరిగ్గా 5,000. (ఆదాయపు పన్ను లెక్కలో సాధారణ యంత్రాలకు ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తరుగుదల ఇస్తారు. ఆ లెక్క వేరు, దీనితో కలపకూడదు.)

ఇప్పుడు అదే పుస్తకంలో ఒక్క మార్పు చేసి చూడాలి. సీలింగ్ మిషన్ 6,000ను "సామాన్లు కొన్నాం కదా" అని ఖర్చుల్లో రాసేశారనుకుందాం. అంకణా మళ్లీ 76,000 దగ్గర కుదురుతుంది. ఒక్క రూపాయి తేడా రాదు. కానీ లాభం 5,000 కాస్తా 900 నష్టం అవుతుంది. మొదటి నెలలోనే నష్టం వచ్చిందని వ్యాపారం మానేసినా ఆశ్చర్యం లేదు.

మిషన్ సంగతి వదిలేసి, ఇంటికి తీసుకున్న 2,000ను వ్యాపార ఖర్చుగా రాశారనుకుందాం. అంకణా మళ్లీ 76,000. లాభం 3,000కు పడిపోతుంది. ఇది చాలా మామూలుగా జరిగే తప్పు. దుకాణం ముందు పెట్టిన క్యూఆర్ కోడ్ సొంత సేవింగ్స్ ఖాతాకే కలిపి ఉంటుంది. అందులోకే అమ్మకాల డబ్బు వస్తుంది, అందులోంచే పిల్లల ఫీజు, గ్యాస్ సిలిండరు, బంధువుల పెళ్లి చదివింపులు పోతాయి. నెలాఖరుకు స్టేట్‌మెంట్ తీస్తే ఏది వ్యాపారానిదో ఏది ఇంటిదో యజమానికే గుర్తుండదు. యూపీఐ వచ్చాక డబ్బు లెక్కపెట్టే శ్రమ తగ్గింది, వేరుచేసే శ్రమ పెరిగింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇంకేం చేసినా చేయకపోయినా, వ్యాపారానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిస్తే సగం అకౌంటింగ్ అక్కడే అయిపోతుంది.

అంకణా పట్టుకోలేని తప్పులు ఇంకా ఉన్నాయి. ఒక బిల్లు అసలు రాయకపోతే రెండు పక్కలా సమానంగా తగ్గుతుంది. ఒక షాపు బాకీని ఇంకో షాపు పేరు మీద రాస్తే మొత్తం మారదు. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేయడమూ ఉంది. అంకెల భయం ఉన్నవాళ్లు రెండు మొత్తాలు కలవగానే పుస్తకం మూసేసి హాయిగా నిద్రపోతారు. చూడాల్సిన పని అక్కడినుంచే మొదలవుతుంది.

గుంటూరు బ్రాడీపేట, విజయవాడ గవర్నర్‌పేట వైపు వెళ్తే "ట్యాలీ విత్ జీఎస్టీ" బోర్డులు కనిపిస్తాయి. బెంగళూరు కంపెనీ తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేర్ రాకుండా ఇక్కడి షాపుల్లో అకౌంట్స్ ఉద్యోగం దొరకడం కష్టమే. కానీ చాలాచోట్ల పాఠం మొదలయ్యేది ఎఫ్5 నొక్కితే పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్ అని. మీటలు రెండు రోజుల్లో వచ్చేస్తాయి. ట్యాలీలో అసలు పరీక్ష కొత్త లెడ్జర్ తెరిచేటప్పుడు ఉంటుంది. పేరు టైప్ చేయగానే ఇది ఏ గ్రూపు కిందికి వస్తుందని అడుగుతుంది. ముందే సిద్ధంగా 28 గ్రూపులు ఉంటాయి. ఫిక్స్‌డ్ అసెట్స్, డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్, ఇన్‌డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్, సండ్రీ క్రెడిటర్స్ ఇలా. మిల్లు కూలి డైరెక్ట్, కొరియర్ ఇన్‌డైరెక్ట్, సీలింగ్ మిషన్ ఫిక్స్‌డ్ అసెట్. ఆ ఒక్క గడిలో తప్పు గ్రూపు ఎంచుకుంటే ఆ తర్వాత ఏడాదంతా పడే ప్రతి పద్దూ తప్పుచోటికే వెళ్తుంది.

పైగా ట్యాలీ రెండు పక్కలూ సమానం కాని వోచర్‌ను అసలు తీసుకోదు. ప్రారంభ నిల్వల్లో తేడా ఉంటే చూపిస్తుంది, అంతే. అంటే సాఫ్ట్‌వేర్‌లో అంకణా ఎప్పుడూ కుదిరే ఉంటుంది. గుమాస్తాను రాత్రిళ్లు కూర్చోబెట్టిన కూడిక తప్పులన్నీ పోయాయి. మిగిలినవి తేల్చుకోవడంలో జరిగే తప్పులే, వాటిని కంప్యూటర్ పట్టుకోదు. అందుకే మొదటి నెల చేత్తో రాయడం చాదస్తం అనిపించినా మానకూడదు. ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిలు, పాతిక ముప్ఫై పద్దులు సరిపోతాయి. వాటిని ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీట్) దాకా లాక్కొస్తే ట్యాలీ తెర మీద కనిపించే ప్రతి వరుసా ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. లేకపోతే ఎఫ్ మీటల ఉద్యోగమే మిగులుతుంది.

జీఎస్టీని కూడా ఈ కళ్లతోనే చూడాలి. 2017 జులై 1 నుంచి ఉన్న ఈ పన్నును జనం శాతాల లెక్కగా భయపడతారు. శాతం వేయడం ఫోన్ చేస్తుంది. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారం 21,000 విలువైన కారం అమ్మితే 5 శాతం చొప్పున 1,050 కలిపి 22,050కు బిల్లు వేస్తుంది. ఆ 1,050 అమ్మకం కాదు, ఆదాయం కాదు. ప్రభుత్వానికి కట్టేదాకా మన దగ్గర ఉన్న బాకీ, కాబట్టి అప్పుల గుంపులోకి పోతుంది. మిర్చి కొన్నప్పుడు 20,000 మీద కట్టిన 1,000 మనకు రావలసినది, ఆస్తుల గుంపులో ఉంటుంది. మిషన్ మీద, మిగతా ఖర్చుల మీద కట్టిన పన్నును వదిలేస్తే ఇంకా కట్టాల్సింది 50. సరుకు విజయవాడకు పంపితే ఆ 1,050 కేంద్రానికి 525, రాష్ట్రానికి 525గా బిల్లు మీద విడిపోతుంది. అదే సరుకు హైదరాబాద్ వెళ్తే రాష్ట్రం దాటినట్టే కాబట్టి మొత్తం ఐజీఎస్టీగా ఒకే వరుసలో పడుతుంది. నెలాఖరుకు ఖాతాలో కనిపించిన 22,050 అంతా తమదే అనుకుని వాడేసుకున్న చిన్న వ్యాపారులు రిటర్ను గడువు రాగానే చేబదుళ్ల కోసం పరుగెత్తుతారు.

లాభం ఉంది, డబ్బు లేదు

మళ్లీ జీఎస్టీ లేని మన నెలకు వద్దాం. లాభం 5,000. కానీ మొదట్లో 50,000 ఉన్న నగదు ఇప్పుడు 32,600. లాభం వస్తే డబ్బు పెరగాలి కదా, 17,400 ఎలా తగ్గింది? వ్యాపారుల ఇళ్లలో తరచూ గొడవ పెట్టే ప్రశ్న ఇది. "లాభమే అంటావు, మరి చేతిలో చిల్లిగవ్వ లేదేంటి?"

జవాబు ఆస్తి అప్పుల పట్టీలో ఉంది. నగదు 32,600, కిరాణా షాపు నుంచి రావలసినది 12,000, మిగిలిన 30 కిలోల కారం 7,500, తరుగుదల పోను మిషన్ 5,900. ఆస్తులన్నీ 58,000. రెండోపక్క మిర్చి వ్యాపారికి 5,000 బాకీ, మూలధనం 50,000, లాభం 5,000, అందులోంచి ఇంటికి తీసుకున్న 2,000 పోను 53,000. ఇదీ 58,000. డబ్బు ఎక్కడికీ పోలేదు. వన్‌టౌన్ షాపు గల్లాలో కొంత ఉంది, కారం ప్యాకెట్లలో కొంత ఉంది, మిషన్‌లో కొంత ఉంది.

ఈ ఒక్క పట్టీ చదవడం వస్తే వ్యాపారంలో మాట్లాడే తీరు మారుతుంది. వచ్చే నెల 200 కిలోల మిర్చి తెద్దామా అన్న ప్రశ్నకు లాభం చూసి కాదు, 12,000 ఎప్పుడు వస్తుందో చూసి సమాధానం చెప్పాలి. కిరాణా షాపు రెండు నెలల అరువు అడిగి, మిర్చి వ్యాపారి పదిహేను రోజుల్లో డబ్బు కట్టమంటే, అమ్మకాలు పెరిగేకొద్దీ చేతిలో డబ్బు తరుగుతూ పోతుంది. లాభాల్లో ఉంటూనే మూతపడే కొట్లు ఇలాగే మూతపడతాయి. దీన్ని పట్టుకోవడానికి గణితం అక్కర్లేదు, ఎవరి దగ్గర ఎంత ఉందో పేర్లతో సహా చూడగలిగితే చాలు. చిత్రమేమిటంటే లెక్కలు రావనుకునేవాళ్లలో చాలామందికి ఇది బాగా వచ్చు. ఏ పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో, తిరిగి ఎంత చదివించాలో పుస్తకం చూడకుండా చెప్పే అత్తయ్యలు, పిన్నులు ప్రతి ఇంట్లో ఉంటారు. రావలసినవి, ఇవ్వాల్సినవి అన్న రెండు ఖాతాలు వాళ్ల నోటి మీదే ఉంటాయి.

ఇక మిగిలిన 30 కిలోల కారం. దాని విలువ 7,500 అని రాసుకున్నాం కాబట్టి లాభం 5,000 తేలింది. ఆ 7,500 ఏ బిల్లులోనూ లేదు. అది లెక్కగట్టి వేసుకున్న అంచనా. నెల చివర ఆ ప్యాకెట్లను చేత్తో లెక్కపెట్టాలి, తూకం వేయాలి, రంగు మారిందేమో చూడాలి. కొత్త పంట యార్డుకు వచ్చి ధర పడిపోయిందనుకుందాం. రవాణా ఖర్చు పోను ఇప్పుడు అమ్మితే కిలోకు 200కు మించి రాదు. సరుకు నిల్వను తయారీకైన ఖర్చు, అమ్మితే నికరంగా చేతికొచ్చే ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే దానికే రాయాలన్నది అకౌంటింగ్ ప్రమాణం. అప్పుడు నిల్వ 6,000, లాభం 3,500. ఒక్క రూపాయి చేతులు మారకుండానే లాభం 1,500 తగ్గింది. ధర పెరిగి కిలో 400 పలికినా మాత్రం పుస్తకంలో 250 దగ్గరే ఉంచాలి, ఆ ప్యాకెట్లు అమ్ముడయ్యేదాకా పెరిగిన ధరను లాభంలో చూపించడానికి వీల్లేదు.